ఎద్దు వయస్సు తెలిసికొనుట ఎట్లు?

దానమిచ్చిన ఆవుకు పండ్లు ఎంచరాదని మనలో ఒక సామెత కలదు. ఊరకే వచ్చినదానికి వంకలు పెట్టరాదని దాని భావము. కాని డబ్బు పోసి కొను ఎద్దు సంగతి వేరు. దానికి పండ్లు ఎంచియే తీరవలెను. అయితే ఎంచుట ఒక్కటే చాలదు. అవి పాలపండ్లో పెద్దపండ్లో, ఎంతవరకు అరిగినవో కూడ చూడవలెను. ఈ రెండవ సంగతిని నేను ఆలస్యముగా నేర్చుకొంటిని.

నేను ఉద్యోగములో చేరిన తొలి సంవత్సరములలో, నా పరిధిలోని ఒక గ్రామమున నాలుగెకరముల మెట్ట గల రైతు ఒకాయనకు కాడి ఎద్దులలో ఒకటి తొలకరికి ముందు చనిపోయినది. ఆయన చేబదులు తెచ్చి, సంతలో మరొక ఎద్దును బేరమాడెను. నేను ఆ దినమున వేరొక పనిమీద అక్కడికి పోయియుంటిని. “అయ్యా, మీరు చదువుకున్నవారు. ఒక్కసారి చూసి చెప్పండి” అని ఆయన నన్ను పిలిచెను. “కడపండ్లు ఇప్పుడే వేసింది సారూ, అయిదేండ్లు దాటలేదు” అని దళారి అనెను. నేను పెదవి దించి చూచితిని. ఎనిమిది పెద్దపండ్లు ఉన్నవి. కొమ్ములు నున్నగా, నల్లగా మెరయుచున్నవి. “బాగానే ఉంది పెద్దాయనా” అంటిని. ఆయన డబ్బు చెల్లించెను.

గుంటక తోలు దినములు వచ్చునప్పటికి ఆ ఎద్దు జత ఎద్దుకంటె వెనుకబడసాగెను. చొప్పను నమిలి నమిలి సగము విడిచిపెట్టుచుండెను. పశువైద్యాధికారికి చూపగా, ఆయన నోరు విప్పి చూచి, “రోగమేమీ లేదు, వయస్సే” అనెను. ముందుపండ్లన్నియు బల్లపరుపుగా అరిగిపోయి, నడుమ సందులు పడియుండుటను నాకు వ్రేలితో చూపెను. పదేండ్లకు తక్కువ ఉండదని చెప్పెను. నేను పండ్లను లెక్కించితినే గాని వాని అరుగుదలను చూడనైతిని. నేను వ్యవసాయశాస్త్రము చదివినవాడను, పశువైద్యుడను కాను. అయినను ఆ రైతు నా మాటనే నమ్మెను. ఆ పిమ్మట పశువైద్యుల వద్ద అడిగి తెలిసికొని, సంతలలో అనేక పశువుల నోళ్ళు చూచి నేర్చుకొన్న సంగతులను ఇచ్చట మీ ముందుంచుచున్నాను.

వయస్సు తెలియకున్న కలుగు నష్టము

నేడు దుక్కి పనులలో ఎక్కువ భాగము ట్రాక్టర్లతో జరుగుచున్నది. అయినను ప్రత్తి, మిరప, కంది వంటి పైరులలో అంతరకృషికి, చిన్న కమతములలో విత్తనము వేయుటకు, బండి తోలుటకు ఎద్దులను వాడు రైతులు ఇంకను ఎందరో కలరు. నాటుజాతి కోడెను సాధారణముగా మూడవ యేట కాడికి మరపుదురు. నాలుగైదేండ్ల వయస్సునకు అది పూర్తి పనికి వచ్చును. మంచి మేపు ఉన్నచో పది పదకొండేండ్ల వరకు బాగుగ పనిచేయును. ఆ పిమ్మట దాని బలము తగ్గును.

కనుక ఎద్దును కొనువాడు నిజమునకు కొనునది దానిలో మిగిలియున్న పని సంవత్సరములను. ఉదాహరణకు ఒక జత ధర 1,00,000 రూపాయలనుకొందము. వాని వయస్సు 6 ఏండ్లయి, 11 ఏండ్ల వరకు పనిచేసినచో, ఏడాదికి 20,000 రూపాయలు పడును. అదే ధరకు 9 ఏండ్ల జతను కొన్నచో పని దొరకునది రెండేండ్లే. అప్పుడు ఏడాదికి 50,000 రూపాయలు పడును. అప్పు తీరకమునుపే ఎద్దు ముసలిదగును. బేరములో వెయ్యి రూపాయలు తగ్గించుటకు గంటసేపు వాదించువారు, నోరు చూచుటకు రెండు నిమిషములు వెచ్చించకుండుట సరికాదు.

కొమ్ములను చూచి చెప్పవచ్చునా?

కొమ్ములను చూచి వయస్సు చెప్పవచ్చునని చాలమంది నమ్మకము. అడవి దగ్గరి గ్రామములలో దుప్పి, కణితి కొమ్ముల కొనలు లెక్కించి, ‘ఇన్ని కొనలు, ఇన్ని ఏండ్లు’ అని చెప్పువారు కలరు. ఇది పొరపాటు. దుప్పి కొమ్ము, ఎద్దు కొమ్ము ఒకటి కావు.

జింకజాతి మృగముల కొమ్ము గట్టి ఎముక. అది పెరుగునంతకాలము నూగువంటి మెత్తని చర్మము దానిపై ఉండును. పెరుగుట ముగిసిన తరువాత ఆ చర్మము ఎండి ఊడిపోవును. కొంతకాలమునకు కొమ్ము కూడ రాలి, మరల క్రొత్తది మొలచును. రాలిన కొమ్ముతో వెనుకటి సంవత్సరముల గుర్తులును పోవును. పెరిగిన దుప్పికి గాని కణితికి గాని ఒక్కొక్క కొమ్మునకు సాధారణముగా మూడు కొనలే ఉండును. ఎన్నేండ్లు గడచినను ఏటేట ఒక్కొక్క కొన పెరుగుట లేదు.

ఉత్తర అమెరికాలో ఎల్క్ అను పెద్ద జింక కలదు. దాని పోతునకు రెండవ యేట సాధారణముగా కొనలు చీలని ఒంటి కొమ్ములు వచ్చును. బాగుగ ఎదిగిన పోతునకు తరచుగా ఒక్కొక్క ప్రక్క ఆరు కొనలుండును. ఆ పైన ప్రతి సంవత్సరము ఆరే రావచ్చును. ముసలితనమున కొమ్ము చిన్నది కావచ్చును. మేత తక్కువైన ఏడాది కూడ కొమ్ము తగ్గును. అందుచేత అక్కడి వన్యమృగ శాఖలవారు సరియైన వయస్సు కావలెనన్నచో కొమ్మును విడిచి, పంటినే చూతురు. లేత మృగములో పాలపండ్లు ఊడి పెద్దపండ్లు వచ్చిన తీరును చూతురు. ముదిరిన మృగములోనైతే పంటి వేరును పలుచగా కోసి, సూక్ష్మదర్శినిలో దాని పొరలను లెక్కింతురు.

మన ఎద్దు కొమ్ము ఇట్టిది కాదు. లోపల ఎముక, పైన గోరువంటి పదార్థముతో చేయబడిన తొడుగు ఉండును. అది రాలదు. మొదటినుండి పెరుగుచునే ఉండును. కొన పాతది, తలవద్దనున్న భాగము క్రొత్తది. కనుక గడచిన కాలపు గుర్తులు దానిపై నిలిచియుండును. ఆ గుర్తులే కొమ్ముపై కనబడు వలయములు, అనగా చుట్లు.

చుట్లను చదువు విధము

పశువునకు పోషణ తగ్గినప్పుడు కొమ్ము పెరుగుదల మందగించి, అచ్చట పల్లము పడును. తరువాత మేత చక్కబడి, పెరుగుదల పుంజుకొన్నప్పుడు గట్టు ఏర్పడును. ఆవు చూలుతోనుండి, ఈని, పాలిచ్చు కాలములో దాని శరీరముపై భారము ఎక్కువగుటచే ఇట్టి చుట్టు ఒకటి పడును. నాటు ఆవు మొదటి ఈత సుమారు మూడవ యేట లేదా ఆ తరువాత వచ్చును. కనుక ఆవు కొమ్ముపై స్పష్టముగా కనబడు చుట్లను లెక్కించి, దానికి రెండు కలిపినచో వయస్సు ఉరమరగా తెలియును. ఐదు చుట్లున్న ఆవునకు ఏడేండ్లని ఊహింపవచ్చును.

ఈ లెక్కలో లోపములు కలవు. ఒక ఏడాది ఆవు చూలు కట్టనిచో, ఆ ఏటి చుట్టు పడక, రెండు చుట్ల నడుమ దూరము ఎక్కువగా కనబడును. కరువు వచ్చిన ఏడాది, లేదా పెద్ద జబ్బు చేసినప్పుడు, ఈతతో సంబంధము లేకనే చుట్టు పడవచ్చును. ఎద్దులకు ఈతలు లేవు గనుక చుట్లు ఆలస్యముగను, అస్పష్టముగను ఉండును. ఒంగోలు జాతికి కొమ్ములు పొట్టివి, మొదట లావైనవి. వానిపై చుట్లను విడదీసి చూచుట కష్టము. రాయలసీమలో కనబడు హళ్ళికార్ జాతి ఎద్దులకు కొమ్ములు పొడవైనవి గనుక కొంత తేలిక. సంకరజాతి దూడలకు చిన్నతనముననే కొమ్ము మొగ్గలను కాల్పించుచున్నారు. వానికి కొమ్ములే ఉండవు.

కాబట్టి కొమ్మును రెండవ సాక్షిగా మాత్రమే పిలువవలెను. మొదటి సాక్షి నోరు.

పండ్ల సంఖ్య

పశువునకు పై దవడలో ముందువైపు పండ్లుండవు. అక్కడ గట్టి చిగురు పట్టె మాత్రముండును. క్రింది దవడలో ముందు ఎనిమిది పండ్లుండును. ఇవి గాక పెద్ద పశువునకు దవడపండ్లు పైన 12, క్రింద 12 ఉండును. మొత్తము 32. వయస్సు చూచుటకు మనకు కావలసినవి క్రింది ఎనిమిది ముందుపండ్లే. వీనిని నాలుగు జతలుగా ఎంచుదురు: నడిమి జత, దాని ప్రక్క రెండవ జత, మూడవ జత, చివర కడజత.

దూడ పుట్టునప్పటికే కొన్ని పాలపండ్లుండును. సుమారు ఒక నెలకు ఎనిమిదియు వచ్చును. పాలపండ్లు చిన్నవి, తెల్లనివి, మొదట సన్ననివి. పెద్దపండ్లు వెడల్పుగా, పారవలె ఉండును. వాని రంగు కొంచెము పసుపు తిరిగియుండును. ఈ రెండును ప్రక్కప్రక్కన ఉన్నప్పుడు భేదము సులభముగా తెలియును.

రైతులు ‘రెండు పండ్ల కోడె’, ‘నాలుగు పండ్ల కోడె’ అనునప్పుడు పెద్దపండ్లను మాత్రమే లెక్కించుచున్నారని గుర్తుంచుకొనవలెను. రెండు పండ్ల కోడె నోట నిజమునకు ఎనిమిది పండ్లుండును. రెండు పెద్దవి, ఆరు పాలపండ్లు. అందుచేత నోట ఎనిమిది పండ్లు కనబడినవన్నంతమాత్రమున ఏమియు తెలియదు. రెండేండ్లు నిండని దానికి ఎనిమిది కలవు; ఐదేండ్లదానికి ఎనిమిది కలవు; పదేండ్లదానికిని ఎనిమిది ఉండవచ్చును. నేను పొరపడినది ఇక్కడనే.

నోరు చూచు పద్ధతి

1. అమ్మువానిని ముకుతాడు పట్టుకొనుమనవలెను. మీరు పశువునకు ఎదురుగా నిలువక, భుజము ప్రక్కన నిలువవలెను. తల విదిలించినను కొమ్ము తగలకుండును.

2. మెడ నిమిరి, పశువు నెమ్మదించిన పిమ్మట, ఒక చేతితో మూతి పట్టి, రెండవ చేతి బొటనవ్రేలితో క్రింది పెదవిని దించవలెను. నోటి మూలన, ముందుపండ్లకు దవడపండ్లకు నడుమ పండ్లు లేని చోటు కలదు. వ్రేలు పెట్టవలసివచ్చినచో అక్కడనే పెట్టవలెను.

3. ఎండ వెలుతురులో చూడవలెను. ప్రొద్దు గుంకిన తరువాత బేరము చేయరాదు.

4. ముందువైపునుండి చూచి విడువక, పండ్ల పైయంచును కూడ చూడవలెను. అరుగుదల అక్కడ తెలియును.

5. చొంగ విపరీతముగా కార్చుచు, మేత నీరు మ్రింగలేకున్న పశువు నోట చేయి పెట్టరాదు. అది పిచ్చివ్యాధి కావచ్చును, ప్రాణాపాయము. నోట పుండ్లు, గిట్టల నడుమ పుండ్లు ఉన్నచో గాలికుంటు వ్యాధిగా అనుమానించి, ఆ పశువును విడిచి, చేతులు సబ్బుతో కడుగుకొని మరియొక పశువు వద్దకు పోవలెను.

వేరొక సంగతి. పశువు ముందుపండ్లు పుట్టుకతోనే కొంచెము కదలుచుండును. వ్రేలితో నొక్కి, కదలినంతనే ముసలిదని త్రోసివేయరాదు.

ఐదేండ్ల వరకు లెక్క

పాలపండ్లు ఊడి పెద్దపండ్లు వచ్చు క్రమము నాటుజాతి పశువులలో ఈ విధముగ నుండును.

నడిమి జత (రెండు పండ్లు): 2 నుండి 2½ ఏండ్లు.
రెండవ జత (నాలుగు పండ్లు): సుమారు 3 ఏండ్లు.
మూడవ జత (ఆరు పండ్లు): 3½ నుండి 4 ఏండ్లు.
కడజత (ఎనిమిది పండ్లు): 4½ నుండి 5 ఏండ్లు.

గేదెలకు ఇంకను ఆలస్యము. నడిమి జత 2½ నుండి 3 ఏండ్లకు, రెండవ జత సుమారు 3½ ఏండ్లకు, మూడవ జత సుమారు 4½ ఏండ్లకు, కడజత 5 నుండి 6 ఏండ్లకు వచ్చును. జెర్సీ, హోల్‌స్టీన్ వంటి విదేశీ జాతులకు నాటుజాతికంటె ముందుగా వచ్చును. వానికి నడిమి జత 1½ నుండి 2 ఏండ్లకే వచ్చి, కడజత 3½ నుండి 4 ఏండ్లకు ముగియును. సంకరజాతి పశువులు ఈ రెంటి నడుమ ఉండును. కనుక పండ్లు చూచుటకు ముందు పశువు జాతిని చూడవలెను. ఆరు పండ్ల గేదెను, ఆరు పండ్ల సంకరజాతి ఆవును ఒకే వయస్సుదని అనరాదు.

జతలోని రెండు పండ్లును ఒకే దినమున రావు. ఒకటి ముందు, రెండవది కొంత వెనుక వచ్చును. చిగురునుండి బయటపడిన పన్ను తన ప్రక్క పండ్ల ఎత్తునకు వచ్చుటకు కొన్ని నెలలు పట్టును. అప్పుడే వచ్చిన పంటి అంచు పదునుగా, అరుగుదల లేక ఉండును. కడజత ‘ఇప్పుడే వేసిన’ ఎద్దునకు కడపండ్లు పదునుగా ఉండి, మిగిలినవానికంటె కొంచెము పొట్టిగా ఉండవలెను. దళారి మాట నిజమో కాదో ఈ ఒక్క గుర్తు చెప్పును. నేను ఆనాడు కడపండ్ల అంచును చూచియుండినచో ఆ రైతు డబ్బు దక్కియుండెడిది.

ఐదేండ్లు దాటిన తరువాత

ఇకపై క్రొత్త పండ్లు రావు. అరుగుదలనుబట్టి అంచనా వేయవలెను. ముందు వచ్చిన జత ముందు అరుగును. నాటు ఎద్దులలో సుమారుగా:

6 – 7 ఏండ్లు: నడిమి జత పైయంచు అరిగి చదునగును.
7 – 8 ఏండ్లు: రెండవ జత చదునగును.
8 – 9 ఏండ్లు: మూడవ జత చదునగును.
9 – 10 ఏండ్లు: కడజత కూడ అరుగును. ఎనిమిదియు బల్లపరుపుగా కనబడును.
10 ఏండ్లు దాటిన పిమ్మట: పండ్లు సన్నబడి, నడుమ సందులు పడును.
12 ఏండ్లు దాటిన పిమ్మట: పండ్లు మొండి పుల్లలవలె మిగులును, కొన్ని ఊడిపోవును.

ఈ అంకెలు అంచనాలని మరువరాదు. ఇసుక నేలలలో పొట్టి గడ్డిని కొరికి మేయు పశువునకు పండ్లు త్వరగా అరుగును. కొట్టములో కట్టివేసి, పచ్చిమేతను కోసి వేసిన పశువునకు నిదానముగా అరుగును. కాబట్టి ఐదేండ్ల లోపు పశువు వయస్సును ఆరు నెలల తేడాతో చెప్పవచ్చును గాని, ఏడెనిమిది ఏండ్ల తరువాత ఒకటి రెండేండ్ల తేడా రావచ్చును. అనుభవశాలియైనను ‘తొమ్మిదేండ్ల మూడు నెలలు’ అని చెప్పలేడు. అట్లు చెప్పువానిని నమ్మవలదు.

మోసములను కనిపెట్టుట

సంతలో తువ్వాలు క్రింద వ్రేళ్ళు పట్టి ధర చెప్పుకొను పద్ధతి మీరెరిగినదే. ధర రహస్యముగా నడువవచ్చును. వయస్సు మాత్రము పట్టపగలు తేలవలెను.

కొమ్ములు చెక్కుట: గాజుపెంకుతోగాని, ఆకురాయితోగాని కొమ్మును గీకి, చుట్లు చెరపి, నూనె రాచి నల్లగా మెరయించుట కలదు. కనుముకును, ఏరువాక పున్నమకును మనము కూడ కొమ్ములు చెక్కి రంగులు పూయుదుము. కనుక చెక్కిన కొమ్ము కనబడినంతనే మోసమని అనరాదు. కాని ఆ కొమ్ము ఇక సాక్ష్యమునకు పనికిరాదు. దానిని విడిచి నోటినే నమ్మవలెను. తల దగ్గర, వెండ్రుకల క్రింద కొమ్ము మొదటిని వ్రేలితో తడవినచో, గీకుటకు అందక మిగిలిన గట్లు కొన్ని తగులవచ్చును.

పాలపండ్లు పీకుట: చిన్న కోడెను పనికి వచ్చిన వయస్సుదిగా చూపుటకు నడిమి పాలపండ్లను ముందుగా ఊడదీయుట. పాలపండ్లు పోయినంతమాత్రమున ‘రెండు పండ్లు’ కాదు. పెద్దపన్ను చిగురుపై కనబడవలెను. ఖాళీ చిగురు కనబడినచో ఆ కోడెను లెక్కలోనికి తీసికొనరాదు.

పండ్లు రాచుట: హెచ్చుతగ్గుగా అరిగిన పండ్లను ఆకురాయితో రాచినచో అంచుపై గీతలు కనబడును, నాలుకకు తగులు నునుపు ఉండదు. మేతవలన అరిగిన పన్ను ఎల్లప్పుడు నున్నగా ఉండును.

కండ్లపై గుంటలు, నెరసిన వెండ్రుకలు, సాగిన గంగడోలు మున్నగునవి ముసలితనమునకు గుర్తులని కొందరందురు. మేత లేక చిక్కిన చిన్న ఎద్దునకు కూడ కండ్లపై గుంటలు పడును. నెల దినములు తవుడు, గానుగపిండి పెట్టి మేపిన ముసలి ఎద్దు నిగనిగలాడును. వీనిని నమ్ముకొని డబ్బు ఇవ్వరాదు.

పాడి పశువును కొనువారికి

ఆవును గాని, గేదెను గాని కొనునప్పుడు అమ్మువాడు చెప్పు ఈతల లెక్కను నోటితో సరిచూడవలెను. గేదె మొదటి ఈత సాధారణముగా నాలుగేండ్ల ప్రాంతమున వచ్చును. ఏడాదికో, ఏడాదిన్నరకో ఒక ఈత చొప్పున లెక్కింపవచ్చును. ‘రెండవ ఈత’ అని చెప్పిన గేదెకు ఎనిమిది పండ్లు బల్లపరుపుగా అరిగియున్నచో, అది అబద్ధమైనను కావలెను, లేదా ఆ గేదె ఏండ్ల తరబడి చూలు కట్టని గేదెయైనను కావలెను. రెండు విధములను మీకు నష్టమే. ఆవులలో పండ్లు, కొమ్ము చుట్లు, ఈతల సంఖ్య మూడును ఒకదానితో ఒకటి సరిపోయినచో ధైర్యముగా బేరమాడవచ్చును.

గ్రామాధికారులకు మనవి

పశువులకు బీమా చేయునప్పుడును, బ్యాంకు ఋణము తీసికొనునప్పుడును వయస్సు వ్రాయవలసివచ్చును. యజమాని చెప్పిన అంకెను అట్లే వ్రాయుట వలన తరువాత చిక్కులు కలుగును. పశువు చనిపోయినప్పుడు నోటిలోని పండ్లకును, కాగితముపైని వయస్సునకును పొత్తు కుదరనిచో పరిహారము ఆగిపోవచ్చును. నష్టపోవునది రైతే. కనుక పశువైద్యుని సలహాతో, చూచిన గుర్తునే వ్రాయుట మేలు: ‘పెద్దపండ్లు ఆరు, కడజత పాలపండ్లు, పండ్లనుబట్టి సుమారు 4 ఏండ్లు’ అని వ్రాసినచో ఎవరైనను మరల సరిచూడవచ్చును.

నేడు పశువుల చెవికి 12 అంకెల సంఖ్యగల పసుపుపచ్చ బిళ్ళలు వేయుచున్నారు. బిళ్ళ సంఖ్యతో పశువు వివరములు నమోదగును. కొనుటకు ముందు ఆ సంఖ్యను పశువైద్యశాలలో చూపి వివరములు కనుగొనుట మంచిది. అయితే పెద్ద పశువునకు బిళ్ళ వేసిన దినమున వ్రాసిన వయస్సు కూడ చాలవరకు పండ్లు చూచియో, యజమానిని అడిగియో వ్రాసినదే. కనుక బిళ్ళ ఉన్నను నోరు చూడవలెను. మీ ఇంట దూడ పుట్టినచో ఆ తేదీని గోడమీదనైనను వ్రాసియుంచి, బిళ్ళ వేయునప్పుడు చెప్పుడు. పుట్టిన తేదీకి మించిన సాక్ష్యము లేదు.

ముగింపు

ఎద్దును కొనబోవు రైతు సోదరులు ఈ వరుసను గుర్తుంచుకొనిన చాలును. మొదట జాతి చూడుడు. తరువాత పాలపండ్లు ఎన్ని, పెద్దపండ్లు ఎన్ని అని ఎంచుడు. ఎనిమిదియు పెద్దపండ్లేయైనచో, కడపండ్ల అంచు పదునుగా ఉన్నదా, నడిమి పండ్లు ఎంత అరిగినవి అని చూడుడు. ఆ పిమ్మట కొమ్ము మొదటిని తడవి చూడుడు. చివరకు కాడి కట్టి నాలుగు సాళ్ళు తోలి చూచి, అప్పుడు ధర మాట ఎత్తుడు. అనుమానమున్నచో పశువైద్యుని సలహా తీసికొనుడు.

నేను మొదట చెప్పిన రైతు ఆ ఏడాది అద్దె ట్రాక్టరుతోను, పొరుగువాని కాడితోను సేద్యము గడిపి, ఆ ఎద్దును సగము ధరకు అమ్ముకొనెను. నన్ను ఒక్క మాట అనలేదు. నాకు పశువైద్యాధికారి చూపిన గుర్తులను నేను ఆయన కొట్టములోనే, మిగిలిన ఎద్దు నోరు విప్పి, ఆయనకు చూపితిని. మరుసటి ఏడు ఆయన సంతనుండి ఒక కోడెను తోలుకొని నా కార్యాలయమునకే వచ్చెను. “అయ్యా, ఈసారి నేనే చూసుకున్నాను. మీరు కూడా చూడండి” అనెను. పెదవి దించి చూచితిని. ఆరు పెద్దపండ్లు, చివర రెండు పాలపండ్లు. నాలుగేండ్ల కోడె. ఆయన చెప్పిన లెక్కయు అదే.